ఈనె ఎండేదాకా

ఒంగోలు బస్టాండులో
విచారణ కిటికీ వెనక కూర్చుంటాను.
రోజుకి ఆరేడు వందల మంది నాతో మాట్లాడతారు.
కనిగిరి బస్సెప్పుడు, పామూరుది పోయిందా,
దర్శికి ఏ ప్లాట్‌ఫారం?
జవాబు సగంలో ఉండగానే
ముఖాలు వెళ్లిపోతాయి.
సాయంత్రానికి గొంతు ఎండుతుంది గానీ
ఎవరితోనూ మాట్లాడినట్టుండదు.

అప్పుడు గుర్తొస్తాడు కాలేషా మామ.

కొండపి అవతల, నా పదిహేడో ఏట,
పొగాకు బ్యారన్ దగ్గర ఆయనకి మంటసాయం నేను.
కర్రలకి కట్టిన పచ్చాకు లోపల,
మేమిద్దరం బయట,
మధ్యన గోడ, సరుగుడు మొద్దులు మింగే పొయ్యి.
ఆరు రాత్రులు కునుకు తీయకూడని పని.

మొదటి రాత్రంతా నేనే మాట్లాడాను.
సినిమాలు, ఇంటర్లో తప్పిన లెక్కలు,
టంగుటూరు వేలంలో ఎవడో ఎవణ్ణో కొట్టిన సంగతి.
మామ కట్టె ఎగదోసి అన్నాడు:
"అబ్బయా, మొదటి రోజే మంట పెంచితే
ఆకు పచ్చగానే చస్తది.
పండేదాకా వెచ్చగా ఉంచాల, అంతే."
పొగాకు గురించే అన్నాడనుకున్నాను.

రెండో రాత్రి ఆయన అడిగాడు,
మీ చేలోకి నీళ్లు ఏ పక్కనుంచి పారతాయని.
చెప్పాను.
చెప్పినదాని కొస పట్టుకుని ఇంకోటి అడిగాడు,
తెగిన పోగు వెతికి అతికే నేతగాడిలా.
"నాకూ ఇట్టాగే అయింది" అని
తన కథ తెచ్చి నా కథ మీద పరచలేదు.
కథలు లేక కాదు.
ఉప్పెనలో ఆయన ఇల్లు పోయిన సంగతి
ఏళ్ల తర్వాత వేరెవరో చెబితే తెలిసింది.

మూడో రాత్రి పెద్దగా ఏమీ అనుకోలేదు.
గంటకోసారి టార్చి వేసి
అద్దంలోంచి థర్మామీటరు చూసేవాడు.
పై కిటికీ తాడు జానెడు లాగేవాడు.
ఆకులోని నీళ్లు ఆవిరై చుక్కల్లోకి పోయేవి.
ఫ్లాస్కు మూతలో టీ, ముందు నాకు.
నేనేదైనా తుంటరిగా అంటే నవ్వేవాడు,
నవ్వి, ఖాళీని ఖాళీగానే ఉంచేవాడు.

నాలుగో రాత్రికి ఆకు గలగలమంది.
అయిపోయింది గదా మామా అన్నాను.
"ఆకు ఎండితే అయిపోయినట్టా?
ఈనె ఉంది.
ఈనెలో తడి మిగిలితే
మండె వేశాక లోపల్లోపలే బూజు పడతది,
ఎంత బంగారం రంగైనా."

కాసేపటికి, పొయ్యిలోకి చూస్తూనే,
"మీ అన్న రాలా ఈ ఏడు?" అన్నాడు.
అని ఊరుకున్నాడు.

వాడి పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.
బోరు మోటారు దగ్గర నేను వాణ్ణి అన్న ఒక్క మాట
రెండేళ్లుగా నా నాలిక కిందే ఉంది.

రెండు మొద్దులు కాలేంతసేపు గడిచింది.
మామ నా వైపు తిరగలేదు,
ఊ అనలేదు, వద్దులే అనలేదు.
మొదలుపెట్టాను.
తప్పు చెప్పి, వెనక్కొచ్చి, మళ్లీ చెప్పాను.
ఆ మాట బయటికొచ్చినప్పుడు
పక్కనున్న కుక్క లేచి, చెవులు దులిపి, పడుకుంది.

"తర్వాత?" అన్నాడు కాలేషా మామ.
"తర్వాతేముంది, వాడు పలకలా."
"నువ్వు?"

ఆ రెండక్షరాలకి జవాబు వెతుక్కుంటూ
తెల్లారి కందుకూరు బస్సెక్కాను.
పొయ్యి తను చూసుకుంటానన్నాడు మామ.
అన్న గుమ్మంలో ఏం అనుకున్నామో ఇక్కడ రాయను.
ఇద్దరం సరిగ్గా మాట్లాడలేదు, అదొక్కటే చెప్తా.
ఈనె పూర్తిగా ఎండిందని ఇవాళ్టికీ అనలేను.

నిన్న మధ్యాహ్నం రద్దీ తగ్గాక
ఒక ముసలావిడ సంచీతో వచ్చి
వెలిగండ్ల బస్సుందా నాయనా అంది.
మూడుంపావుకి ఉందమ్మా అన్నాను.
ఆమె కదల్లేదు.
నా వెనక ఫోను మోగుతోంది.
మొద్దు కాలేంతసేపు కాకపోయినా
పుల్ల కాలేంతసేపు ఆగి
"అక్కడెవరున్నారమ్మా?" అన్నాను.

ఆమె సంచీ కింద పెట్టింది.